రెండో గడి

ఆఫీసు కాయితం ప్రకారం అక్కడ సీమపనస చెట్టు ఉండాలి. చెట్టుకి నాలుగడుగుల తూర్పున, మనిషి లోతులో, పాత మురుగు గొట్టం ఉండాలి. మేరెసేని కాయితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, కొండ వైపు చూసింది, కింద మడ అడవి వైపు చూసింది, చివరికి పెరుమాళ్ వంటగది రేకుల ముందు ఆగిపోయింది. మురుగునీటి ఆఫీసులో ఇంజనీరుగా చేరి ఏడాది కూడా కాలేదు. బూట్లకి ఇంకా మెరుపు పోలేదు.

“చెట్టేది అంకుల్?” అంది.

“కొట్టేశాను మేడం. ముప్పై ఏళ్ళయింది. దాని మొదలు మీదే మా పొయ్యి ఉంది” అన్నాడు పెరుమాళ్.

గట్టు మీద పార ఆనించుకుని కూర్చున్న విలిమోని పకపకా నవ్వాడు. “మా పెదనాన్న చెట్టు మేడం అది. కాయలు తిన్నన్నాళ్ళు తిని, ఆఖరికి చెట్టునే మింగేశాడు మా బావ.”

“మీ పెదనాన్నే కొట్టమన్నాడు. గొడ్డలి కూడా ఆయనదే. నువ్వప్పుడు చీమిడి ముక్కుతో తిరిగేవాడివి, నీకేం తెలుసు” అన్నాడు పెరుమాళ్.

వీళ్ళిద్దరూ ఒకే కంట్రాక్టరు కింద పదిహేనేళ్ళుగా గొట్టాలు వేస్తున్నారు. విలిమోని ఆ నేల సొంతదారుల వంశం వాడు. పెరుమాళ్ తాతలు చెరుకు తోటలకి ఓడల్లో వచ్చినవాళ్ళు. అయినా బావా అంటే బావా అనుకోవటమే. బావని తిట్టకపోతే ఆ దీవుల్లో ఎవరికీ అన్నం అరగదు.

పైన కొండ మీద కొత్తగా పద్నాలుగు ఇళ్ళు లేచాయి. తెల్ల గోడలు, నల్ల గేట్లు. వాటి మురుగంతా తెచ్చి వునీవి వాడ కింద నుంచి పోయే పాత గొట్టంలో కలపాలి. వునీవిలో రెండొందల పైచిలుకు రేకుల ఇళ్ళున్నాయి. నగరం మురుగు సగం ఆ ఇళ్ళ కింద నుంచే మడ అడవి పక్కనున్న పంపుల దాకా పోతుంది. కానీ ఆ రెండొందల ఇళ్ళలో ఒక్క దానికీ ఆ గొట్టంతో సంబంధం లేదు. అందరికీ గుంట దొడ్లే. దీపం కింద చీకటి అనే మాట ఎవరన్నారో గాని, వాళ్ళు వునీవి చూసే అని ఉంటారు.

పెరుమాళ్ కాయితం అడగలేదు. ఆరడుగుల ఇనుప ఊచ తీసుకుని వంటగది మూల నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఊచ దించి, పై కొసకి చెవి ఆనించి, రాయితో తట్టాడు. కాదన్నట్టు తలాడించి జానెడు పక్కకి జరిగాడు. మూడోసారి దించినప్పుడు ఊచ మట్టిలో మెత్తగా దిగి, ఒక్కసారి టంగుమని ఆగింది. రాయి తగిలితే చప్పుడు చచ్చిపోతుంది. గొట్టం తగిలితే చేతిలోకి పాకుతుంది. అతను బూటు మడమతో అక్కడ గుర్తు పెట్టాడు.

“ఇక్కడ తవ్వుదాం మేడం.”

“కాయితంలో ఇంకా అటు ఉందే?”

“కాయితం రాసినాయన ఆ రోజు ఎండకి చెట్టు నీడలో కూర్చుని రాశాడు. ఈ గొట్టం వేస్తుంటే గుంటలో నేనున్నాను” అన్నాడు పెరుమాళ్.

వరండాలో చెక్క కుర్చీలో కూర్చుని చామాకులు ఈనెలు తీస్తున్న సుమింత్ర ఆ మాటకి చిన్నగా నవ్వింది. ఆమెకి కుడికాలు మోకాలి కింద లేదు. చక్కెర జబ్బు రెండేళ్ళ కిందట ముందు బొటనవేలు అడిగి, తర్వాత పాదం అడిగి, చివరికి పిక్క దాకా తీసుకుంది. కర్రలు పక్కనే గోడకి ఆనించి ఉన్నాయి. దొడ్డి వాలు కింద, నలభై ఒక్క మెట్ల దూరంలో ఉంది. పాత లారీ టైర్లు మట్టిలో పాతి చేసిన మెట్లు అవి. ఆమె మధ్యాహ్నం మూడు దాటితే గుక్కెడు నీళ్ళు తాగదు. చీకటి పడ్డాక ఆ మెట్లు దిగలేదు కాబట్టి. పెదాలు ఎప్పుడూ పగిలి ఉంటాయి. కిడ్నీలు దెబ్బతింటున్నాయనీ, నీళ్ళు బాగా తాగమనీ డాక్టరు నెలనెలా కోప్పడుతూనే ఉన్నాడు. ఆమె నెలనెలా తలూపుతూనే ఉంది.

ఇంటి వెనక పెరుమాళ్ పోయినేడే ఒక చిన్న దొడ్డి గది కట్టాడు. పట్టుకుని లేచేందుకు గోడలకి ఇనుప కడ్డీలు పెట్టాడు. ఒక పెద్ద ఇల్లు బాగుచేసేటప్పుడు పారేసిన తెల్ల కమోడు తొట్టి తెచ్చి బిగించాడు. దాని కింద నుంచి గొట్టం గోడ అవతలికి మూరెడు వచ్చి ఆగిపోయింది. ఏడాదిగా సుమింత్ర ఆ తొట్టిలో కొబ్బరికాయలు పెట్టుకుంటోంది.

మంగళవారం మధ్యాహ్నానికి గొట్టం బయటపడింది. మెరుగు పెట్టిన మట్టి గొట్టం, ముదురు గోధుమ రంగు. పెరుమాళ్ గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని తడి గుడ్డతో తుడిచాడు. రెండు గొట్టాలు కలిసేచోట సిమెంటు కట్టు మీద వరసగా బొటనవేలి నొక్కులున్నాయి. ఆ రోజుల్లో అతని దగ్గర తాపీ లేదు, వేలితోనే నునుపు చేశాడు. తన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూశాడు. ఇప్పుడు వేలు లావయింది, పట్టలేదు. విలిమోనిని పిలిచి చూపించబోయి, ఏం వెక్కిరిస్తాడోనని ఊరుకున్నాడు.

సాయంత్రం మేరెసేని కొలతలు రాసుకుంటుంటే దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. పదిహేనేళ్ళలో ఊరందరికీ కలిపి ఎన్ని కొమ్మ గొట్టాలు వేశాడో లెక్కలేదు గాని, తన నోటితో తనకోసం అడగటం అదే మొదటిసారి. ఎలాగూ గుంట తవ్వాం, ఎలాగూ గొట్టం కోస్తాం, ఒక కొమ్మకి బదులు రెండు కొమ్మలు వేస్తే ఆఫీసుకి పోయేదేముందని అడిగాడు. మేరెసేని వరండా వైపు చూసింది. కర్రల్ని చూసింది. ఆ పిల్ల చెడ్డది కాదు. జీపులోంచి ఒక కాయితం తెచ్చి ఇచ్చింది.

“ఇది నింపి, నేల సొంతదారుల సంతకం తెస్తే చాలు అంకుల్. శుక్రవారం సాయంత్రం గుంట పూడ్చేస్తాం, ఈలోపే తేవాలి. పూడ్చాక మళ్ళీ తవ్వటానికి ఆఫీసు ఒప్పుకోదు.”

పెరుమాళ్ కాయితం నెమ్మదిగా చదివాడు. ‘ఈ స్థలంలో మీరు ఏ హక్కుతో ఉంటున్నారు?’ అని ఉంది. కింద రెండు గడులు. మొదటి గడిలో కౌలు పత్రం నంబరు రాయాలి. రెండో గడి పక్కన ‘అనుమతి లేకుండా ఉంటున్నవారు’ అని ఉంది. రెండో గడి వాళ్ళకి ఆరోగ్య కారణాల మీద గొట్టం కలపనిస్తారట. కానీ నేల పెద్ద కింద సంతకం పెట్టాలి. ‘ఈ వ్యక్తికి ఇక్కడ ఉండమని మేము ఎన్నడూ అనుమతి ఇవ్వలేదు. గొట్టం కలపటానికి మాత్రం అభ్యంతరం లేదు’ అని.

“మూడో గడి లేదా మేడం?”

“మూడోదేంటి?”

“నాకు కౌలు కాయితం లేదు. అట్లాగని అనుమతి లేకుండానూ లేను. విలిమోని వాళ్ళ పెదనాన్న, రుసియాతె మామయ్య ఉండమన్నాడు. వేరు పెట్టాను. ఆయన ముట్టుకుని చప్పట్లు కొట్టి తీసుకున్నాడు.”

మేరెసేనికి అది విడమరిచి చెప్పనక్కర్లేదు. దంచి నీళ్ళలో కలిపి తాగే యంగోన వేరుని చాప మీద పెట్టి అడగటం, పెద్ద మనిషి దాన్ని చేత్తో ముట్టి, దొప్పలా చేసిన చేతులతో మూడుసార్లు చరిచి ఒప్పుకోవటం ఆమె పుట్టిన దీవిలోనూ ఉంది. వేరు ముట్టాక ఆ మాట ఇక బండరాయే.

“మా అమ్మావాళ్ళు ఇప్పుడుంటున్న ఇల్లు కూడా అలాంటిదే అంకుల్” అంది మెల్లగా. “కానీ ఆఫీసుకి మాట కనపడదు. రెండో గడిలో టిక్కు పెట్టెయ్యండి. ఒక్క గీతే కదా.”

బుధవారం పని దిగాక పెరుమాళ్ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బజారులో కొన్న యంగోన వేరు న్యూస్‌పేపర్లో చుట్టుకుని కొండ మలుపు దగ్గరున్న రుసియాతె ఇంటికి వెళ్ళాడు. ఆఫీసు కాయితం చొక్కా జేబులోనే ఉంది. అది చూపించే ఉద్దేశం అతనికి లేదు. పెద్దాయన చేత సొంతంగా ఒక ఉత్తరం రాయించుకుందామని అతని ఆశ. ఫలానా పెరుమాళ్‌ని నేనే ఉండమన్నాను, అతని ఇంటికి గొట్టం కలపండి అని రెండు ముక్కలు. అది చూశాక ఆఫీసు వాళ్ళు ఆ గడుల సంగతి వదిలేస్తారేమోనని.

రుసియాతెకి ఎనభై దాటాయి. ఒక కంట్లో పొర కమ్మింది. చాప మీద కాళ్ళు మడిచి కూర్చుని రేడియో వింటున్నాడు. పెరుమాళ్ గుమ్మం దగ్గర వంగి, వంగినవాడు వంగినట్టే లోపలికొచ్చి, కింద కూర్చుని, వేరు పెద్దాయన ముందు పెట్టాడు. ఒక చిన్న కోరిక ఉందనీ, మన నేల గురించేననీ మొదలుపెట్టాడు.

రుసియాతె రేడియో ఆపాడు. వేరు వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి చాపలేదు.

“ఏ నేల గురించి?”

“మా ఇంటి నేలే మామయ్యా.”

“దానికి వేరు పెట్టావుగా.”

“పెట్టాను.”

“నేను ముట్టుకున్నానుగా.”

“ముట్టుకున్నారు.”

“మరి ఒకే నేలకి రెండోసారి పెడుతున్నావేంటి? మొదటిది చచ్చిపోయిందా?”

అప్పుడు తెలిసింది పెరుమాళ్‌కి తను చేసిన తప్పు. ఉత్త చేతుల్తో వెళ్ళటం మర్యాద కాదనుకున్నాడు గాని, దేనికి వేరు పెడుతున్నాడో ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళు ఆ నేల మీద బతికి, పెళ్ళిళ్ళకీ చావులకీ ఎన్నోసార్లు ఆ చాప మీద కూర్చుని, చివరికి పసిపిల్లవాడు కూడా చెయ్యని తప్పు చేశాడు. రెండోసారి పెట్టటమంటే మొదటి మాట చెల్లదని ఒప్పుకోవటం. గబగబా గొట్టం సంగతి, ఉత్తరం సంగతి చెప్పాడు. మాటలు ఒకదాని కాలికి ఒకటి అడ్డం పడ్డాయి.

రుసియాతెకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ముసలి ముఖం చిన్నబోయింది.

“ఉత్తరం ఎందుకురా? నా మాట ఇంకా బతికే ఉంది. నేనూ బతికే ఉన్నాను. ఆ ఆఫీసు పిల్లని నా దగ్గరికి రమ్మను. నోటితో చెప్తాను” అన్నాడు. వేరుని ముట్టకుండా, చుట్టిన న్యూస్‌పేపరు అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి జరిపాడు. “తీసుకుపో. నీ భార్యకి కాలు ఎలా ఉంది?”

పెరుమాళ్ ఇంటికొచ్చి వేరుని అటక మీద, జేబులో కాయితాన్ని బిస్కెట్ల డబ్బా కింద పెట్టాడు. ఏమన్నాడని సుమింత్ర అడిగితే, మాట్లాడదాం అన్నాడని చెప్పాడు. ఆ పూట ఆమె రొట్టె కూడా నీళ్ళు లేకుండా నమిలింది.

గురువారం పొద్దున్నుంచి వాన. ఆ ఊళ్ళో వాన పడితే మనుషులు మాట్లాడుకోవటం మానేసి సైగలు చేసుకుంటారు, రేకుల మీద అంత మోత. పెరుమాళ్, విలిమోని గుంటలోంచి బకెట్లతో నీళ్ళు తోడుతున్నారు. పక్కగట్లు విరిగి పడకుండా పలకలు బిగించి, మధ్యలో గుంజలు కొట్టారు. పదకొండు గంటలప్పుడు విలిమోని బకెట్ వదిలేసి ఒక్కసారి గట్టెక్కి పరిగెత్తాడు. అతను చూసింది పెరుమాళ్ ఇంకా చూడలేదు.

సుమింత్ర పదిహేడో మెట్టు దగ్గర పడిపోయి ఉంది. ఒక కర్ర కింద కాలవలోకి కొట్టుకుపోయింది. పిలిచిందట. ఎన్నిసార్లు పిలిచిందో చెప్పలేదు. లేవలేక, చివరికి ఆపుకోలేక, ఉన్నచోటే అయిపోయింది. వాన దాన్ని కడుగుతూనే ఉంది. ఆమె టైరు అంచు పట్టుకుని, ముఖం ఎర్రమట్టి వైపు తిప్పుకుని పడుకుంది.

విలిమోని తన చొక్కా విప్పి ఆమె నడుము చుట్టూ కప్పాడు. అంత పెద్ద మనిషి, రోజుకి పది వెక్కిరింపులు లేకపోతే నోరు నిలవనివాడు, ఒక్క మాట మాట్లాడకుండా చెల్లెలిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కాడు. పెరుమాళ్ వెనక మిగిలిన ఒక్క కర్ర పట్టుకుని వచ్చాడు. మోచెయ్యి చీరుకుపోయింది, మొండి కాలికి దెబ్బ తగిలింది. ఎముకలు విరగలేదు.

పెరుమాళ్ పొయ్యి మీద నీళ్ళు కాచి, ఆమెకి స్నానం చేయించాడు. ఆమె చేతులు పైకెత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది. కళ్ళు మాత్రం ఎక్కడో గోడ మీద పెట్టుకుంది. మురికి నీళ్ళు పారబోసి తిరిగొచ్చేసరికి ఆమె, విలిమోని వరండాలో ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. అతన్ని చూసి ఆపేశారు. విలిమోని లేచి, వాన తగ్గింది, నేను అలా పైకి వెళ్ళొస్తాను బావా అని చెప్పి, రెండు గంటల దాకా రాలేదు. పని ఎగ్గొట్టాడని పెరుమాళ్ లోపల తిట్టుకున్నాడు.

సాయంత్రం మేరెసేని జీపు ఆపి, రేపు పొద్దున పదింటికి కొయ్యాలని చెప్పింది. అందరూ పనులకి, బళ్ళకి వెళ్ళిపోయాక గొట్టంలో నీరు తగ్గే సమయం అది. కాయితం సంగతి అడిగింది. పెద్దాయనతో ఇంకా కుదరలేదని పెరుమాళ్ చెప్పాడు. ఆ కాయితం రుసియాతె ముందు పెట్టి, నన్ను మీరెప్పుడూ ఉండమనలేదని రాసివ్వండి అని అడగటం తన వల్ల కాదని ఆ పిల్లకి ఎలా చెప్పటం? అడిగితే ఆయన సంతకం పెట్టినా పెడతాడు. అదే భయం.

శుక్రవారం ఎండ కాసింది. పైనున్న మ్యాన్‌హోల్ మూత తీసి, లోపల గాలితిత్తి పెట్టి ఉబ్బించి, పైనుంచి వచ్చే మురుగుని ఆపారు. పెరుమాళ్ గొట్టం కింద నుంచి కోత గొలుసు దూర్చి, చుట్టూ తిప్పి, పిడి బిగించాడు. మట్టి గొట్టాన్ని రంపంతో కోస్తే ముక్కలవుతుంది. గొలుసుతో అన్ని వైపులా ఒకే బిగువున నొక్కితే టప్పున చుట్టంతా ఒక్క గీతగా విడిపోతుంది. అతను ఊపిరి బిగబట్టి నొక్కాడు. విడిపోయింది. విలిమోని మామూలుగా అయితే ఈ పాటికి, మా బావకి కోతలు కొయ్యటం నేర్పక్కర్లేదు అనేవాడు. ఇవాళ పొద్దున్నుంచీ కొండ మలుపు వైపే చూస్తున్నాడు.

పాత ముక్క తీసి, రెండు చివర్లూ తుడిచి, కొండ మీది ఇళ్ళ కొమ్మని కూర్చోబెట్టి రబ్బరు తొడుగులు జరుపుతుండగా, రుసియాతె దిగి వచ్చాడు. శుక్రవారం నాడు చర్చి కోటు వేసుకున్నాడు. బూడిదరంగు లుంగీ, మెడకి టై. చంకలో ఒక పెద్ద యంగోన వేరు, ఆకుతో కట్టిన పాత పద్ధతి కట్ట. ఆయన గుంట వైపు రాలేదు. నేరుగా పెరుమాళ్ ఇంటికెళ్ళాడు.

పెరుమాళ్ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తాడు. పెద్దాయన లోపలికి రాకుండా గుమ్మం కింద, చెప్పులు విడిచే చోట, కోటుతో కూర్చుంటున్నాడు. లోపలికి రమ్మని సుమింత్ర రెండుసార్లు పిలిచింది. ఆయన తల అడ్డంగా ఊపి, వేరుని రెండు చేతులతో గడప మీద పెట్టాడు. నేల ఇచ్చినవాడు అంత కింద కూర్చోవటం పెరుమాళ్ ఎన్నడూ చూడలేదు. తనెక్కడ కూర్చోవాలో తెలీక బురద మోకాళ్ళతో గడప ఇవతల కూలబడ్డాడు.

“నిన్న నేనొక కాయితం మీద సంతకం పెట్టాను” అన్నాడు రుసియాతె. “నీకు నేనెప్పుడూ మాట ఇవ్వలేదని అందులో ఉంది. చదివించుకునే పెట్టాను. ఎనభై రెండేళ్ళలో ఇలాంటి అబద్ధం ఆడలేదు. ఆడాను. క్షమించమని అడగటానికి వచ్చాను. నా వంశం తరఫున అడుగుతున్నాను.”

పెరుమాళ్ వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“విలిమోనితో నేనే పంపాను” అంది. “డబ్బా కింద పెడితే నాకు కనపడదనుకున్నావా? మాట నీకూ మామయ్యకీ. మెట్లు నాకు.”

అతనికి పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. ఆమె మీద అనుకుని చూస్తే మోచేతి కట్టు కనపడింది. ముసలాయన మీద అనుకుంటే ఆయన ఒక కంట్లో నీళ్ళున్నాయి. గుంట దగ్గర నిలబడి బూట్ల వైపు చూసుకుంటున్న ఆ పిల్ల మీద అనుకుంటే, ఆమె చేసిందల్లా కాయితం తెచ్చి ఇవ్వటమే. కోపం పెట్టటానికి చోటు లేకపోయింది.

వేరు గడప మీద ఉంది. ముట్టుకోకపోతే పెద్దాయన అలాగే కూర్చుంటాడు, ఆ రెండు కుటుంబాలకీ ఇక మాటలుండవు. ముట్టుకుంటే క్షమించినట్టే. కానీ క్షమించటమంటే జరిగిందని ఒప్పుకోవటం. ముప్పై ఏళ్ళ కిందటి ఆ వేరుకి తన చేత్తోనే మన్ను వెయ్యటం. విలిమోని వచ్చి పక్కన నిలబడ్డాడు. “ముట్టుకో” అన్నాడు. బావా అనలేదు.

పెరుమాళ్ లేచి, డ్రమ్ము దగ్గరికెళ్ళి మోచేతుల దాకా కడుక్కున్నాడు. సబ్బు రాసి మళ్ళీ కడుక్కున్నాడు. వచ్చి కూర్చుని, వేరు మీద అరచెయ్యి ఆనించాడు. చేతులు దొప్పలా పట్టి మూడుసార్లు చరిచాడు. చప్పుడు సరిగ్గా రాలేదు, చేతులు తడిగా ఉన్నాయి. రుసియాతె తల వంచి, గోడ పట్టుకుని లేచాడు. కొండ ఎక్కిస్తానని విలిమోని చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు.

విలిమోని అందించిన కాయితాన్ని మేరెసేని అట్టకి బిగించి తెచ్చింది. రుసియాతె సంతకం చివర గీత కాయితం దాటి పోయింది. పైన గడి మాత్రం పెరుమాళ్ చేత్తోనే నింపాలి. ఆమె పెన్ను మూత తీసి ఇచ్చింది. అతను టిక్కు పెట్టాడు.

“థాంక్యూ అంకుల్” అంది ఆ పిల్ల. ఎందుకన్నదో ఆమెకే తెలీదు.

రెండో కొమ్మ వెయ్యటానికి గంట పట్టింది. పెరుమాళ్ చేతులకి ఆ పని చెప్పక్కర్లేదు. అరవై అడుగులకి ఒక అడుగు వాలు, కింద పిడికెడు పిడికెడు ఇసుక, గొట్టం పొట్ట ఎక్కడా గాలిలో వేలాడకుండా. రబ్బరు తొడుగు మీద ఉక్కు పట్టీ, దానికి నట్లు, ఒకటి కాస్త, ఇంకోటి కాస్త, మార్చి మార్చి బిగువు. సుమింత్ర తొట్టిలోంచి కొబ్బరికాయలు ఒక్కొక్కటే తీసి గోనెలో వేసింది. ఆమె బకెట్టు నీళ్ళు పోసింది. గొట్టంలోకి చూసే మూత దగ్గర వంగి ఉన్న విలిమోని, వచ్చాయి, పోయాయి అని చెప్పాడు. మళ్ళీ పొయ్యమన్నారు. మళ్ళీ పోయాయి. తిత్తి గాలి తీసి మురుగు వదిలారు. మూడు గంటలకి గుంట పూడ్చటం మొదలుపెట్టి, అడుగడుగుకీ దిమ్మిస కొట్టి, నాలుగున్నరకి నేల చదును చేశారు. విలిమోని పార కడుక్కుని, రేపొస్తా బావా అని చెప్పి, ఎప్పుడూ అడిగే టీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

ఒక పని మిగిలింది. ఎక్కడేం కలిపారో గీత గీసి ఇవ్వటం. ఆఫీసు వాళ్ళకి ఆ గీతలు గీసిచ్చేది పదేళ్ళుగా పెరుమాళ్ళే, అతని గీతలు కొలతకి తప్పవు. అందుకోసం మేరెసేని పాత కాయితం నకలు ఇచ్చి వెళ్ళింది. అతను వంటగది బల్ల మీద పరిచి, పెన్సిలు చెక్కాడు. పాత గొట్టం. మ్యాన్‌హోళ్ళు. కొండ మీది నుంచి వచ్చే కొమ్మ, దాని చివర పద్నాలుగు చదరాలు, ఒక్కోదానిలో యజమాని పేరు, నంబరు. తర్వాత రబ్బరు తీసుకుని సీమపనస చెట్టుని చెరిపాడు. అది ఒక పట్టాన పోలేదు. అక్కడ ఒక చిన్న చదరం గీశాడు. ఆఫీసు కాయితం మీద తన ఇల్లు పడటం అదే మొదటిసారి.

సుమింత్ర వెనక గదిలోంచి తలుపు తీసుకుని, ఒంటి కర్ర మీద, కడ్డీలు పట్టుకుంటూ వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది. ఎదురుగా కూర్చుని టీ ఉందా అంది. అయిదున్నర అయింది. ఆ వేళప్పుడు ఆమె టీ అడిగి రెండేళ్ళయింది. అతను లేచి, చక్కెర లేని టీ పెద్ద గ్లాసు నిండా పోసిచ్చాడు. ఆమె ఊదుకుంటూ, ఆగకుండా తాగింది.

“మనిల్లు పెట్టావా?” అంది, గ్లాసు అంచు మీదుగా చూస్తూ.

“పెట్టాను.”

“పేరు రాశావా?”

“రెండో గడి వాళ్ళకి పేర్లు రాయరు. అనుమతి లేని ఇల్లు అని రాస్తారు.”

ఆమె చదరం వైపు చూసింది. “రాయి మరి” అంది. “నీ చేత్తోనే రాయి. నీ రాత బాగుంటుంది.”

అతను రాశాడు. అక్షరాలు చిన్నవిగా, సమంగా, చదరం దాటకుండా పట్టాయి. ఇంకో ముప్పై ఏళ్ళకి ఎవరో మెరిసే బూట్ల పిల్ల ఈ కాయితం పట్టుకుని వచ్చి, అటూ ఇటూ తిప్పి, ఇల్లేది అని అడుగుతుంది. ఊచ దించి చెప్పటానికి అప్పటికి ఎవరుంటారో.

సుమింత్ర గ్లాసు ముందుకి జరిపింది.

“ఇంకొంచెం పొయ్యి” అంది.